సముద్రపు ఊళ్లో మూడు వారాలు: హాయిగా చదివించే వేసవి నవల ఎలా రాయాలి

ముందు రెండు తేదీలు రాసుకోండి. మీ కథానాయిక ఆ సముద్రపు ఊళ్లో బస్సు దిగే రోజు ఒకటి, తిరుగు బస్సు ఎక్కాల్సిన రోజు ఇంకొకటి. పేర్లు, ముఖాలు, ప్రేమలు, పేచీలు అన్నీ ఆ తర్వాత. వేసవి నవలకు ప్రాణం ఆ రెండు తేదీల మధ్యనున్న రోజుల్లోనే ఉంటుంది. సెలవులు అయిపోతాయని పాఠకుడికి మొదటి పేజీలోనే తెలుసు. అందుకే మామూలు సాయంత్రం కూడా అతనికి విలువైనదిగా కనిపిస్తుంది.

ఎన్ని రోజులు అంటే, 21 అంటాను. వారం రోజుల్లో ఇద్దరు మనుషులు పరిచయమవుతారు, అంతే. ఒకరి మీద ఒకరికున్న అభిప్రాయం మారేంత సమయం ఉండదు. రెండు నెలలు ఇచ్చారో, ఎవరికీ తొందర ఉండదు. మూడు వారాలైతే మొదటి వారం ఊరు కొత్త, రెండో వారం అలవాటు, మూడో వారం వచ్చేసరికి వదలబుద్ధి కాదు.

ఈ పద్ధతంతా ఒకే కథ మీద పెట్టి చెబుతాను. మీ కథ వేరే అయినా లెక్క ఇదే. ఒకామె, మేనత్త నడిపిన ఆరు గదుల లాడ్జిని మూసేసి తాళాలు అప్పగించడానికి ఆ ఊరొస్తుంది. ఐదు గదులు ఖాళీ. ఆరో గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. సీజను ఆఖరిదాకా డబ్బు కట్టానంటాడు, రసీదు చూపిస్తాడు, కదలనంటాడు. కథ మొదలు కావడానికి ఇంతకంటే పెద్ద ముడి అక్కర్లేదు.

ఇక్కడే ఒక మాట. మేనత్తను చంపకండి. చావుతో మొదలైన నవలను తిరిగి వేసవి ఎండలోకి తీసుకురావడానికి వంద పేజీలు పడుతుంది. ఆవిడ మోకాళ్లు సహకరించక కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందనుకోండి. బతికుంటే ఫోన్ చేస్తుంది, చేయకూడని సమయంలో చేస్తుంది, ఆరో గది సంగతి అడిగితే మాట మారుస్తుంది. ఆ ఫోన్లు మీకు ఎంత పని చేసిపెడతాయో రాస్తుంటే తెలుస్తుంది.

ఊరి పటం గీయండి

తెల్లకాగితం తీసుకుని ఒడ్డు గీత గీయండి. తర్వాత ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టండి. చాలామంది ఈ బాణం మర్చిపోతారు. సముద్రం ఊరికి తూర్పున ఉంటే సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, ఊరి వెనక కుంకుతాడు. పడమరన ఉంటే దీనికి తిరగేసి. భూమి సముద్రంలోకి పొడుచుకుపోయిన కొనమీద ఉన్న ఊరికో, చిన్న దీవికో తప్ప రెండూ దక్కడం అరుదు. నా మొదటి చిత్తుప్రతిలో ఒకే అరుగు మీద కూర్చున్న మనిషికి ఉదయిస్తున్న సూర్యుడూ అస్తమిస్తున్న సూర్యుడూ నీళ్లమీదే కనిపించారు. ఒడ్డున పుట్టి పెరిగిన పాఠకుడు అలాంటి చోట పుస్తకం మూసేస్తాడు, అది అతని తప్పు కాదు. చంద్రుడికీ ఇదే లెక్క. పున్నమినాడు పొద్దుగూకే వేళకే చంద్రుడు ఎదురు దిక్కున లేస్తాడు, మర్నాటి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. తూర్పు తీరపు ఊరికి సూర్యాస్తమయం నీళ్ల మీద లేకపోయినా, పున్నమి సాయంత్రం సముద్రంలోంచి లేచే చంద్రుడున్నాడు. ఏం తక్కువ?

పటంలో లాడ్జి, రేవు, లైట్‌హౌస్, బస్సులు ఆగే చోటు, పడవలు బాగుచేసే చోటు పెట్టండి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడక ఎన్ని నిమిషాలో రాయండి. కోపంతో బయటికి నడిచిన మనిషికి ఆ కోపం ఎక్కడ చల్లారుతుందో పటమే చెబుతుంది.

చూపు ఎంత దూరం పోతుందో కూడా తెలిసుండాలి. ఒడ్డున నిలబడ్డ మనిషికి దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మూడంతస్తుల మేడ మీదికెక్కితే అది సుమారు 11 కిలోమీటర్లకు జరుగుతుంది. అంటే తిరిగొచ్చే పడవ ఒడ్డున ఎదురుచూస్తున్న వాళ్లకంటే మేడమీది వాళ్లకు ముందు కనిపిస్తుంది. పెద్దాయన రోజూ సాయంత్రం మేడ ఎందుకెక్కుతాడన్న ప్రశ్నకు ఇక్కడ మీకు జవాబు దొరకొచ్చు.

ఆ ఊరికి బయటివాళ్లు ఎప్పటి నుంచి వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో నిర్ణయించుకోండి. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లిష్ వైద్యుడు సముద్రపు నీరు గ్రంథుల జబ్బులకు మందని పుస్తకం రాశాడు. జనం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌కు స్నానాల కోసం వెళ్లడం మొదలైంది. 1841లో లండన్ నుంచి రైలు పడ్డాక ఒకప్పటి చేపల రేవు సెలవుల ఊరైపోయింది. మీరు కల్పించే ఊరికీ అలాంటి మలుపు ఒకటి ఉండాలి. రైలో, వంతెనో, కొత్త రోడ్డో. దానివల్ల ఎవరికి ఇల్లు నిలబడింది, ఎవరి వలలు ఆరబెట్టుకునే చోటు పోయింది? కథలో ఇదంతా రెండు వాక్యాలకు మించి రాకపోవచ్చు. కానీ మీకు తెలిసుంటే ఊరివాళ్ల మాటతీరులో అది పలుకుతుంది.

ఉండేవాళ్లు, వచ్చేవాళ్లు

ఈ రకం నవలకు గుండెకాయ ఇదేనని నా నమ్మకం. సముద్రం రెండు వర్గాల మనుషులకు రెండు రకాలుగా కనిపిస్తుంది. వచ్చేవాళ్లకు అది సెలవు, ఉండేవాళ్లకు పని. వాన పడితే వచ్చినవాళ్లకు రోజు పాడైంది, పడవలు బాగుచేసే మనిషికి నడుం వాల్చే తీరిక దొరికింది. జనం లేని ఒడ్డు వచ్చినవాళ్లకు అందం, గదులు అద్దెకిచ్చేవాళ్లకు దిగులు. ఈ రెండు చూపులూ ఒకే సన్నివేశంలో ఎదురుపడేలా రాయండి. హాస్యం అక్కడే పుడుతుంది, ప్రేమ కూడా.

మీ కథానాయికను సరిగ్గా మధ్యలో నిలబెట్టండి. మేనత్త వైపు నుంచి చూస్తే ఆ ఊరి మనిషే, చేతిలో సూట్‌కేసు చూస్తే బయటి మనిషి. చిన్నప్పుడు సెలవులకు వచ్చింది కాబట్టి ఊరు తనకు తెలుసనుకుంటుంది. ఆమెకు తెలిసినవి వేసవులు మాత్రమే. సీజను అయిపోయాక ఆ ఊరు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఆమె పొరపాటు నమ్మకం అదే. నవలంతా అది మెల్లమెల్లగా సడలాలి.

ఆరేడుగురు మనుషులు చాలు. ఒక్కొక్కరికీ తెల్లవారుజామున ఐదింటికి ఎక్కడున్నారో పది వాక్యాలు రాయండి. ఈ పేజీలు నవలలోకి రావు, రాయడం మాత్రం మానొద్దు. ఐదింటికి రేవులో ఐసు దించేవాడూ, ఐదింటికి నిద్ర పట్టక వరండాలో కూర్చున్నామే మొదటిసారి ఎలా ఎదురుపడతారో వాళ్ల వేళలే మీకు చెబుతాయి. మీరు బలవంతాన కలపనక్కర్లేదు.

21 గీతల పట్టిక

ఇప్పుడు ఒక పట్టిక గీయండి. ఒక్కో రోజుకు ఒక్కో గీత. తేదీ, తిథి, పోటు వచ్చే వేళ, గాలి, జరిగే సంగతి. నేను ఎక్కువసేపు కూర్చునేది ఈ పట్టిక దగ్గరే. కథలో మలుపులు తట్టక తల పట్టుకున్నప్పుడు ఇదే నన్ను గట్టెక్కించింది.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈ రోజు ఆరింటికి వచ్చిన పోటు రేపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ, ఆ వెంటనే ఒకటి రెండు రోజులకీ నీరు బాగా పైకొస్తుంది, అంతే బాగా వెనక్కీ పోతుంది. అష్టముల దగ్గర రెండిటికీ తేడా తక్కువ.

దీన్ని కథలో పెట్టి చూడండి. ఒడ్డుకు కాస్త దూరంగా ఒక రాతిగుట్ట ఉంది. నీరు బాగా తీసినప్పుడే అక్కడికి ఇసుక దారి తేలుతుంది. మొదటి రోజు పున్నమి, ఉదయం ఆరింటికి పోటు. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి దారి తేలింది. మన కథానాయిక, పడవలు బాగుచేసే కుర్రాడు అనుకోకుండా ఆ గుట్ట దగ్గర కలుసుకున్నారు, పోట్లాడుకున్నారు. ఎనిమిదో రోజు ఆమె క్షమాపణ చెబుదామని అదే వేళకు వెళ్తుంది. ఇప్పుడు మధ్యాహ్నానికే పోటు, పైగా అష్టమి. దారి లేదు. అతను అవతల గుట్టమీద లేడు, ఇవతల ఒడ్డున నవ్వుతూ నిలబడి ఉన్నాడు; ఆమె పంచాంగం చూసుకోలేదని అతనికి అర్థమైంది. పదిహేనో రోజు అమావాస్య. మధ్యాహ్నానికి నీరు మళ్లీ తీసింది. ఈసారి ఇద్దరికీ వేళ తెలుసు, ఇద్దరూ కావాలనే వచ్చారు.

మూడు సన్నివేశాలు, ఒకే చోటు, ఒకే వేళ. మలుపులన్నీ చంద్రుడే పెట్టాడు. యాదృచ్ఛికం అని పాఠకుడు అనడు, ఎందుకంటే ఊళ్లో ప్రతివాళ్లకూ ఆ లెక్క ముందే తెలుసు. ఆమెకు తెలియకపోవడమే కథ. ఆమె నేర్చుకునే కొద్దీ ఊరిమనిషి అవుతోందని మీరు ఎక్కడా చెప్పనక్కర్లేదు.

నిజమైన తీరాన్ని ఆధారం చేసుకుంటే అక్కడి పోటు వేళల పట్టిక వెతికి పట్టుకోండి. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాలూ ఉన్నాయి.

గాలి గడి కూడా ఖాళీగా వదలొద్దు. ఎండ ఎక్కితే నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ జాగాలోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం తర్వాత జోరందుకుని, చీకటి పడేసరికి సద్దుమణుగుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కనుక గాలి దిశ మారి ఒడ్డు నుంచి నీళ్ల మీదికి వీస్తుంది. తెరచాప పడవలవాళ్లు తెల్లవారుజామున ఆ గాలితోనే లోపలికి వెళ్లి, మధ్యాహ్నపు గాలితో ఇంటికొచ్చేవాళ్లు. రెండు గాలుల నడుమ, సాయంత్రం, కాసేపు ఏ గాలీ ఉండదు. ఉక్కపోత. చెప్పకూడని మాట ఎవరైనా చెప్పేస్తే ఆ వేళలోనే చెప్పించండి.

గాలి జోరును విశేషణాలతో కాకుండా వస్తువులతో చూపండి. 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ సున్నా నుంచి 12 దాకా గాలి బలానికి ఒక కొలమానం తయారుచేశాడు. తర్వాత దానికి నేలమీది గుర్తులు కూడా చేరాయి. రెండో అంకెకు మొహానికి గాలి తెలుస్తుంది, మూడుకు ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదులుతాయి, అలల మీద అక్కడక్కడా తెల్లటి నురగ కనిపిస్తుంది. నాలుగుకు దుమ్ము లేస్తుంది, విడి కాగితాలు ఎగురుతాయి. ఆరుకు గొడుగు పట్టుకోవడం కష్టం. ఆ రసీదు పెద్దాయన చేతిలోంచి ఎగిరిపోవాలంటే నాలుగు కావాలి. ఆ రోజు పట్టికలో నాలుగు వేసుకుని, ఉదయం నుంచే ఆ గాలిని పెంచుకుంటూ రండి.

సముద్రాన్ని వర్ణించకండి, పని చేయించండి

నీలం, అనంతం, గంభీరం అనే మాటలు ఒకసారి వాడుకుని వదిలేయండి. సముద్రం కనిపించిన ప్రతిసారీ అది ఎవరి వస్తువునో ఒకదాన్ని ఏదో ఒకటి చేయాలి. ఉప్పు తేమను పట్టుకుంటుంది కాబట్టి ఉప్పునీటిలో తడిసిన బట్ట ఆరినట్టే ఉండి మళ్లీ మెత్తబడుతుంది. ఇనుప బందులు తుప్పు పడతాయి, తాళంచెవి తిరగదు, గేటుకు ఏటా రంగు వేయాలి. సముద్రపు వాసన అని మనం అనుకునేదాంట్లో చాలా వరకు నీటిలోని అతి సూక్ష్మమైన నాచుల నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువే. ఈ మాట పుస్తకంలో రానక్కర్లేదు. ఆ వాసన రోజూ ఒకేలా ఉండదన్న సంగతి మాత్రం మీ పాత్రకు తెలిసుండాలి.

మొదటి వారంలో ఇలాంటి సంభాషణ ఒకటి రాయొచ్చు:

"అమ్మాయ్, ఆ కిటికీ ముయ్యకు."

"జల్లు లోపలికి కొడుతోందండీ."

"కొట్టనీ. నేలమీది నీళ్లు తుడిస్తే పోతాయి. ఆ గడియ తుప్పు పట్టి ఉంది, లాగావంటే చేతికొస్తుంది. మీ అత్తయ్య దానికి మూడేళ్లుగా నూనె పెట్టించి కాపాడుకుంటూ వస్తోంది."

"ఎవరితో పెట్టించేది?"

ఆయన జవాబు చెప్పలేదు. అలమర మీదున్న చిన్న నూనె సీసాను గోడవైపు తిప్పి పెట్టాడు.

వాన, ఉప్పు, తుప్పు అన్నీ ఉన్నాయి. సముద్రం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆయనకు ఆ లాడ్జితో రసీదుకు మించిన సంబంధమేదో ఉందని పాఠకుడికి తెలిసిపోయింది, ఆమెకు ఇంకా తెలియదు. తేలికగా చదివించే గుణం ఎక్కువగా ఈ తేడాలోంచే వస్తుంది. పాఠకుణ్ని కథానాయిక కంటే అరడుగు ముందు నడవనివ్వండి. రెండడుగులు ముందుంటే ఆమె మందబుద్ధిలా కనిపిస్తుంది.

బరువు ఎంత ఉండాలి

ఒక్క దుఃఖం ఉండనివ్వండి, ఒక్కటే. లాడ్జి పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే ప్రతి వేసవీ ఒకే వారంలో, ఒకే గదికి, ఒకే చేతిరాతతో సంతకం కనిపిస్తుంది. కొన్నేళ్లు ఆ పక్కనే ఇంకో సంతకం. తర్వాత అది లేదు. అది ఎవరిదో మూడో వారంలో చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం పెద్దాయన చేతులకూ ఆమె చేతులకూ పని ఉండాలి. దుప్పట్లు మడుస్తూనో, తాళాలకు చీటీలు కడుతూనో. పని చేస్తున్న మనిషి దుఃఖాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, దుప్పటి ఆ కొస పట్టుకోమంటాడు. అంతకంటే పొడిగిస్తే మీ నవల వేరే రకం నవల అయిపోతుంది.

ప్రమాదపు ఘట్టం పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. పెడితే నిజాయితీగా పెట్టండి, ఎందుకంటే చదివినవాళ్లు రేపు నిజంగా నీళ్లలో దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీరు ఒక సన్నని పాయగా లోపలికి తిరిగి పోతుంటుంది. ఆ పాయ ఉన్న చోట అలలు తక్కువ విరుగుతాయి కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. ఆ నీరు మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. దానికి ఎదురీదితే ఒళ్లు అలిసిపోతుంది. తేలుతూ ఉండి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పాయలోంచి పక్కకు రావాలి, చెయ్యెత్తి సాయం పిలవాలి. మునిగిపోతున్న మనిషి సాధారణంగా అరవలేడు. సినిమాల్లో చూసినట్టు చేతులు ఊపుతూ కేకలు వేయడు. ఒడ్డున అందరూ నవ్వుకుంటూ ఉండగా ఊరి మనిషొకడు మాత్రం మాట మధ్యలో ఆపి లేచి నిలబడతాడు. ఆ ఒక్క కదలికతో మొదలుపెడితే ఘట్టం దానంతటదే నడుస్తుంది. అందులోకి ప్రేమ ప్రకటనలు దూర్చకండి, మర్నాటికి వాయిదా వేయండి.

కూర్చుని రాయడం

48,000 పదాలు పెట్టుకోండి. 24 అధ్యాయాలు, ఒక్కోటి 2,000 పదాలు. ప్రయాణంలో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి ఒక అధ్యాయం అయిపోవాలి. రోజుకు 500 పదాలు రాస్తే 96 రోజుల్లో చిత్తుప్రతి పూర్తి. ఉత్తమ పురుషలో రాయాలా, ప్రథమ పురుషలోనా అని నెలల తరబడి తర్జనభర్జన పడేవాళ్లను చూశాను. మొదటి అధ్యాయం రెండు రకాలుగానూ రాసి చూడండి. ఎందులో మీకు సంభాషణలు త్వరగా వచ్చాయో అది పట్టుకోండి.

ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు కొండ అంచున వేలాడనక్కర్లేదు. చిన్న పని ఒకటి సగంలో ఆగితే చాలు. ఫోన్ మోగుతోంది, తీయలేదు. ఏడో తాళంచెవి దొరికింది, గదులు ఆరే.

ముగింపు బస్సు దగ్గరే జరగాలి, ఎందుకంటే మొదటి పేజీలో మీరు ఆ తేదీ ఇచ్చారు. ఆమె ఎక్కినా, ఎక్కకపోయినా దానికి ఏదో ఒక మూల్యం ఉండాలి. అన్నీ కలిసొచ్చి అందరూ ఒడ్డున చేతులు పట్టుకుని నడిచే ముగింపు నాకు నచ్చదు. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఉండేవాళ్లకు మిగిలే నిశ్శబ్దాన్ని అది దాచేస్తుంది. ఆఖరి వారం నుంచే ఊరు ఖాళీ అవడం చూపించండి. ఒక్కో రోజు ఒక్కో తలుపు మూతపడుతుంది, కుర్చీలు లోపలికి పోతాయి, పడవలవాళ్ల మాటలు మళ్లీ దూరం నుంచి వినిపిస్తాయి. ఆమె ఎన్నడూ చూడని ఊరు అప్పుడు కనిపించడం మొదలవుతుంది. ఆమె నిర్ణయం ఆ ఊరిని చూసి జరగాలి, వేసవిలో చూసిన ఊరిని బట్టి కాదు.

చిత్తుప్రతి అయ్యాక రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత మొదట పట్టిక ముందుంచుకుని తిథులూ పోట్లూ సరిచూడండి, అమావాస్య రాత్రి వెన్నెల కాసిందేమో వెతకండి. రెండోసారి సంభాషణలు మాత్రమే పైకి చదవండి. పెద్దాయన నోట్లో కుర్రాడి మాటలు పడ్డచోట చెవికే తెలిసిపోతుంది. మూడోసారి సముద్రం కనిపించిన ప్రతి వాక్యం కింద గీత గీసి, అది ఎవరికీ ఏమీ చేయని చోటల్లా కొట్టేయండి.

ఆపైన ప్రతిని ఏడాది పొడవునా సముద్రం పక్కన ఉండే మనిషి ఒకరికి ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. నీళ్లు ఏ పేజీలో తప్పాయి, గాలి ఏ పేజీలో తప్పింది, ఊరివాళ్లు అనని మాట ఎక్కడ అన్నారు అని మాత్రం అడిగి, పెన్సిలు చేతికిచ్చి రండి.